టీబీ అన్నారు సరే, 14 ఏళ్ళ రాతి దుమ్ము మాటేమిటి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. మా నాన్నకు 45 ఏళ్ళు. మొదట ఐదేళ్ళు పలుగురాళ్ళను పొడి చేసే మిల్లులో, తర్వాత తొమ్మిదేళ్ళు కంకర క్రషర్‌లో పనిచేశాడు. మూడేళ్ళుగా దగ్గు, ఆయాసం. టీబీ అని రెండుసార్లు ఆరేసి నెలలు మందులు వాడించారు. కళ్ళె పరీక్షలో మాత్రం రెండుసార్లూ ఏమీ లేదన్నారు. 2025 జూన్‌లో ఇక చేతకాక పని మానేశాడు. ఈమధ్య పెద్దాసుపత్రిలో స్కాన్ తీసి సిలికోసిస్ (రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే జబ్బు) అని రాశారు. క్రషర్ ఓనర్ని అడిగితే, "మీ నాన్న మా మనిషి కాదు, మేస్త్రీ మనిషి. బీడీలు తాగి టీబీ తెచ్చుకున్నాడు" అన్నాడు. మళ్ళీ ఆయనే 50,000 ఇస్తాను, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టండి అంటున్నాడు. ఆఖర్లో నాన్నకు నెలకు 12,000 వచ్చేవి, కానీ జీతం చీటీ ఒక్కటీ లేదు. మాకు నష్టపరిహారం వస్తుందా? మా తమ్ముడు కూడా ఇప్పుడు అదే క్రషర్‌కు వెళ్తున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అడిగే హక్కు మీకు ఉంది. గెలిచే అవకాశం కూడా, మీరు అనుకుంటున్నదానికన్నా బాగానే ఉంది. అన్నిటికంటే ముందు, ఆ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టకండి.

పరిహారం హక్కు వదులుకుంటున్నామని రాసిచ్చే ఒప్పందం చట్టం ముందు చెల్లదు. ఇద్దరూ ఇష్టపడి ఒక మొత్తానికి ఒప్పుకున్నా దాన్ని పరిహారం కేసులు చూసే అధికారి దగ్గర రిజిస్టరు చేయించాలి. ఆ మొత్తం మరీ తక్కువని తోస్తే ఆయన రిజిస్టరు చేయనని చెప్పొచ్చు. చెల్లని కాగితమైతే సంతకం పెట్టి డబ్బు తీసుకుంటే ఏం పోయింది అనుకుంటారేమో. పోయేది ఉంది. అలాంటి కాగితాల్లో మధ్యలో ఎక్కడో "ఈ జబ్బుకు, మా క్రషర్ పనికి సంబంధం లేదు" అని ఒక వాక్యం ఉంటుంది. రేపు విచారణలో మీ నాన్న సంతకాన్ని మీ నాన్న మీదికే తెస్తారు. ఇంకో సంగతి: మా మనిషే కాదన్న ఆయన 50,000 ఎందుకు ఇస్తానంటున్నట్టు? ఆ మాట వాట్సాప్‌లో వచ్చి ఉంటే చెరిపేయకుండా దాచండి.

మీ ఉత్తరంలో ఉన్న కథ మీ ఒక్కరిది కాదు. వృత్తి జబ్బుల కేసులు ఎక్కడ చూసినా ఇదే దారిలో నడుస్తాయి. యంత్రంలో చెయ్యి పడితే దానికి తేదీ ఉంటుంది, చూసినవాళ్ళు ఉంటారు, పోలీసులు వస్తారు. ఊపిరితిత్తుల్లోకి దుమ్ము చేరడానికి ఏ తేదీ ఉండదు. మామూలుగా పదేళ్ళు, ఆ పైన దుమ్ములో పనిచేశాక జబ్బు బయటపడుతుంది. పలుగురాయి పొడి లాంటి ఘాటు దుమ్ములో అయితే ఇంకా తొందరగానే రావచ్చు. అప్పటికి మనిషి ఇద్దరు ముగ్గురు యజమానులు మారి ఉంటాడు, లేదా పని మానేసి ఊరికి వచ్చేసి ఉంటాడు. అందుకే ప్రమాదాల కేసులు లేబర్ ఆఫీసుకు వస్తూనే ఉంటాయి గానీ జబ్బు కేసులు అరుదు. వచ్చినవాటిలో కూడా చాలావరకు మనిషి పోయాక భార్యో పిల్లలో వేసేవే. మీ నాన్న బతికి ఉండగా, చేతిలో సిలికోసిస్ అని రాసిన కాగితంతో మీరు అడుగుతున్నారు. అది పెద్ద బలం.

ఇలాంటి కేసు ఎక్స్‌రే దగ్గర ఓడిపోవడం తక్కువ. "ఈయన మా దగ్గర పనిచేశాడని రుజువేది?" అన్న ప్రశ్న దగ్గరే ఎక్కువగా ఓడిపోతుంది. బొగ్గు గనిలోనో పెద్ద ప్రభుత్వ సంస్థలోనో పనిచేసినవాళ్ళకు హాజరు పుస్తకం, వైద్య పరీక్షల రికార్డు ఉంటాయి కాబట్టి జబ్బు ఏమిటన్నదొక్కటే తేల్చాలి. మేస్త్రీ కింద పనిచేసినవాళ్ళు ముందు తాము కార్మికులమని నిరూపించుకోవాలి, ఆ తర్వాతే జబ్బు సంగతి. కాబట్టి డాక్టర్ల చుట్టూ తిరిగే దానికంటే ఎక్కువ ఓపిక పని రుజువుల మీద పెట్టండి.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెప్తాను. 1923 నాటి పరిహార చట్టం వృత్తి జబ్బును కూడా పనిలో జరిగిన ప్రమాదంగానే లెక్కేస్తుంది, జబ్బు మూడో షెడ్యూలులో, అంటే చట్టంలోని వృత్తి జబ్బుల జాబితాలో ఉంటే చాలు. ఆ షెడ్యూలుకు మూడు భాగాలు. ఎ భాగంలోని జబ్బులకు ఎన్నాళ్ళు పనిచేశారన్న పట్టింపు లేదు. బి భాగానికి కనీసం ఆరు నెలలు ఆ పనిలో ఉండాలి, శబ్దం వల్ల వచ్చే చెవుడు ఇందులోదే. సి భాగంలోని జబ్బులకు కేంద్రం నిర్ణయించిన కాలం ఉండాలి. సిలికోసిస్ ఈ సి భాగంలో మొదటిది. స్పిన్నింగ్ మిల్లుల్లో పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కూడా ఇక్కడే ఉంది. 2025 నవంబర్ 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. షెడ్యూలు, దాని మూడు భాగాలు అందులోనూ ఉన్నాయి. మీ నాన్న పని మానేసింది కోడ్ రాకముందు కాబట్టి పాత చట్టం కింద పుట్టిన హక్కు ఎక్కడికీ పోదు. అర్జీలో రెండు చట్టాలనూ పేర్కొనమని వకీలుకు చెప్పండి, లేకపోతే ఈ ఒక్క విషయం మీదే రెండు వాయిదాలు పోతాయి.

ఇక ఓనర్ మాటలు. ఇలాంటి కేసుల్లో యజమానులు చెప్పే జవాబులు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి, అందుకే ముందే సిద్ధపడొచ్చు.

"మేస్త్రీ మనిషి" అన్నదానికి చట్టంలోనే జవాబు ఉంది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరు చేత చేయిస్తే, ఆ కూలీలకు పరిహారం ఇచ్చే బాధ్యత అసలు యజమానిదే. కావాలంటే ఆయన తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవచ్చు. కంకర కొట్టడం క్రషర్ వ్యాపారంలో భాగం కాదని ఎవరు వాదిస్తారు? అర్జీలో క్రషర్ యజమానిని, మేస్త్రీని ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి.

"టీబీ" అన్నది అసలైన చిక్కు. రాతి దుమ్ములోని సిలికా పట్టిన ఊపిరితిత్తులకు టీబీ వచ్చే ముప్పు మామూలువాళ్ళకంటే చాలా ఎక్కువ, కాబట్టి రెండూ కలిసి ఉండటం వింతేమీ కాదు. చట్టం దీన్ని ఊహించే రాసింది. సిలికోసిస్‌తో కలిసిన టీబీ కూడా షెడ్యూలులో ఉంది, కాకపోతే మనిషి పనికి పనికిరాకుండా పోవడానికి సిలికోసిస్ ముఖ్య కారణమై ఉండాలి. విచిత్రమేమిటంటే, ఆసుపత్రిలోనో ల్యాబ్‌లోనో పనిచేసేవాళ్ళకు అంటుకున్న టీబీ నేరుగా ఎ భాగంలోకి వస్తుంది. రాతి పనివాడి ఒంటరి టీబీకి అలాంటి వెసులుబాటు లేదు. అందుకే మీ నాన్న కాగితాల్లో సిలికోసిస్ అనే మాట స్పష్టంగా ఉండాలి. రెండుసార్లు కళ్ళె పరీక్షలో క్రిమి కనపడకపోయినా టీబీ మందులు వాడించారు కదా, ఆ పరీక్షల రిపోర్టులే ఇప్పుడు మీకు సాక్ష్యం. చికిత్స కార్డులు, పాత ఎక్స్‌రే ఫిల్ములు ఏవీ పారేయకండి. ఏళ్ళ తరబడి తీసిన ఫిల్ములను పక్కపక్కన పెడితే జబ్బు ఎలా ముదిరిందో డాక్టరు అధికారికి చూపించగలుగుతారు.

బీడీల మాట పట్టించుకోనక్కర్లేదు. బీడీ ఊపిరితిత్తులను పాడు చేస్తుంది నిజమే, ఆయాసాన్ని పెంచుతుంది కూడా. కానీ ఊపిరితిత్తుల పై భాగాల్లో గుండ్రటి చిన్న గడ్డలు కట్టే సిలికోసిస్ బీడీ వల్ల రాదు. వాటికి రాతి దుమ్ము కావాలి.

"ముందు ఇంకో మిల్లులో చేశాడుగా" అని కూడా అంటారు, చూడండి. దానికీ దారి ఉంది. సి భాగం జబ్బుల విషయంలో ఒకరికి మించి యజమానులు ఉంటే, ఎవరి వాటా ఎంతో నిర్ణయించి అందరి మీదా వేసే అధికారం ఉంది. కాబట్టి పలుగురాళ్ళ మిల్లు యజమానిని కూడా అర్జీలో చేర్చండి. పలుగురాయి దాదాపు పూర్తిగా సిలికానే. ఆ ఐదేళ్ళు కేసుకు చాలా ముఖ్యం. మిల్లు మూతపడి ఉన్నా యజమాని ఎవరో కనుక్కోండి.

"ఆలస్యం" అనేది చివరి అస్త్రం. గడువు రెండేళ్ళు. జబ్బు విషయంలో ఆ రెండేళ్ళు, జబ్బు వల్ల మనిషి వరసగా పనికి వెళ్ళలేకపోయిన మొదటి రోజు నుంచి మొదలవుతాయి. మీకది 2025 జూన్, కాబట్టి 2027 జూన్ వరకు సమయం ఉంది. అయినా అంతదాకా ఆగకండి. ఈ ఉత్తరం చదివే మరికొందరికి గడువు దాటిపోయి ఉండొచ్చు. వాళ్ళు కూడా ఆశ వదులుకోనవసరం లేదు, తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఉంది. ఏళ్ళ తరబడి టీబీ అని చెప్పి మందులు వాడించడం కంటే తగిన కారణం ఏముంటుంది?

డబ్బు లెక్క చూద్దాం. పూర్తిగా, శాశ్వతంగా పనికి పనికిరాకుండా పోతే నెల జీతంలో 60 శాతాన్ని వయసుకు తగ్గ గుణకంతో హెచ్చవేస్తారు. 45 ఏళ్ళకు గుణకం 169.44. మీ నాన్న జీతం 12,000 అంటే 60 శాతం 7,200, దాన్ని గుణిస్తే 12,19,968 రూపాయలు. లెక్కకు తీసుకునే జీతానికి 2020 జనవరి 3 నుంచి 15,000 పరిమితి, మీది దానికి లోపలే. సంపాదించే శక్తి సగమే పోయిందని తేలితే ఇందులో సగం వస్తుంది. చెల్లించాల్సిన రోజు నుంచి నెల దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా జరిమానా కూడా పడొచ్చు. ఇప్పుడు ఆ 50,000 మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకోండి.

శక్తి ఎంత శాతం పోయిందన్నదే విచారణలో అసలు తగువు. దాన్ని డాక్టరు అంచనా వేయాలి. ఊపిరి పరీక్ష, అంటే గొట్టంలోకి ఊదించే పరీక్ష, తప్పకుండా చేయించండి. ఆక్సిజన్ శాతం, నాలుగడుగులు నడిస్తే ఎంత ఆయాసం వస్తోందో కూడా రాయించండి. సదరం క్యాంపుకు వెళ్ళి వైకల్య సర్టిఫికెట్ రాలేదని బెంగపడకండి. వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఊపిరితిత్తుల జబ్బు లేనే లేదు. ఆ సర్టిఫికెట్ వేరు, పరిహారం వేరు. ఇక్కడ చూసేది, ఈ మనిషి తను చేసే పని ఇక చేయగలడా అని. 1975లో సుప్రీంకోర్టు ఎడమ చెయ్యి పోగొట్టుకున్న ఒక వడ్రంగి కేసులో ఇదే పట్టుకుంది. చెయ్యి ఒక్కటే పోయినా వడ్రంగి పని చేయలేడు కాబట్టి నష్టం నూటికి నూరు శాతం అంది. బస్తాలు మోసి, రాళ్ళు ఎత్తి బతికిన మనిషి ఇప్పుడు మెట్లెక్కలేకపోతే వాదన ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. కూర్చుని చేసే పని చేసుకోవచ్చుగా అని అవతలివాళ్ళు అంటారు. 45 ఏళ్ళ రాతి కూలీకి ఎవరిస్తారు అలాంటి పని?

ఇక రుజువులు. జీతం చీటీ లేదన్నారు. ఉండదు, ఎవరికీ ఉండదు. దాని బదులు ఏమేం ఉన్నాయో ఇల్లంతా వెతకండి. మేస్త్రీ అడ్వాన్స్ రాసుకున్న చిట్టా, దాని ఫొటో అయినా సరే. ఫోన్‌పేలోనో బ్యాంకులోనో మేస్త్రీ దగ్గర్నుంచి, ఓనర్ దగ్గర్నుంచి పడ్డ డబ్బులు. క్రషర్ దగ్గర దిగిన ఫొటోలు, వెనక బోర్డు కనపడితే మరీ మంచిది. లారీ లోడు చీటీల మీద మీ నాన్న సంతకం. మీరు అక్కడి గుడిసెల్లో ఉండి చదువుకుని ఉంటే మీ స్కూలు రికార్డులోని చిరునామా. పీఎఫ్ ఎప్పుడైనా కట్టారేమో ఆధార్‌తో చూడండి, కొన్నిచోట్ల కూలీకి తెలియకుండానే ఖాతా తెరిచి ఉంటుంది. తోటి పనివాళ్ళ సాక్ష్యం అన్నిటికంటే విలువైనది. అయితే ఇంకా అక్కడే పనిచేస్తున్నవాళ్ళు భయపడతారు, వాళ్ళను ఇబ్బంది పెట్టకండి. మానేసి వెళ్ళిపోయినవాళ్ళను వెతకండి. సమాచార హక్కు కింద గనుల శాఖకు, ఫ్యాక్టరీల శాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు పెట్టి ఆ క్రషర్‌కు ఎప్పటి నుంచి అనుమతి ఉంది, తనిఖీలు ఎప్పుడు జరిగాయి, దుమ్ము గురించి ఏం రాశారు అని అడగండి. హాజరు పుస్తకం తెమ్మని యజమానిని ఆదేశించే అధికారం విచారణ అధికారికి ఉంది. తేకపోతే అది ఆయనకే నష్టం.

ఆసుపత్రి చీటీల గురించి ఒక మాట. మీ నాన్న ఓపీ చీటీలు తీసి చూడండి, వృత్తి దగ్గర "కూలీ" అని ఉంటుంది. ఆ ఒక్క మాట వల్ల పాడైన కేసులు చాలా ఉంటాయి. ఈసారి వెళ్ళినప్పుడు, పలుగురాళ్ళ మిల్లులో ఐదేళ్ళు, కంకర క్రషర్‌లో తొమ్మిదేళ్ళు అని రాయమని డాక్టర్ని అడగండి. రాయడానికి ఆయనకు అర నిమిషం పడుతుంది.

అర్జీ మీ ఊరికి సంబంధించిన కార్మిక శాఖ కార్యాలయంలోనే వేయొచ్చు, క్రషర్ ఇంకో జిల్లాలో ఉన్నా సరే. ముందు యజమానికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు దాచుకుని. వకీలు ఖర్చు గురించి భయం వద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, కార్మికులకు ఆ హక్కు చట్టంలోనే రాసి ఉంది. 15100కి ఫోన్ చేసినా చెప్తారు. ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకుని, వచ్చినదాంట్లో వాటా ఇమ్మనే మధ్యవర్తుల దగ్గరికి మాత్రం వెళ్ళకండి. కేసు మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. దాన్ని నమ్ముకుని అప్పులు చేయకండి. ఒక్కటి కనుక్కోండి: ఆ క్రషర్‌కు ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుందా? మీ నాన్న ఈఎస్‌ఐ కిందికి వస్తే ఈ దారి కాదు, వాళ్ళ మెడికల్ బోర్డు ద్వారా నెలనెలా పింఛను వచ్చే దారి వేరే ఉంది. యజమాని చందా కట్టలేదన్నది కార్మికుడి తప్పు కాదు.

కోర్టు దాకా వెళ్తే ఉపయోగం ఉంటుందా అనిపిస్తే గోధ్రా సంగతి చెప్తాను. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్, ధార్ జిల్లాల ఆదివాసులు గుజరాత్‌లో గోధ్రా వైపు పలుగురాయి పొడి చేసే మిల్లులకు వలస వెళ్ళారు. ఊరికి తిరిగొచ్చి వరసగా చనిపోయారు. వాళ్ళ చేతుల్లోనూ జీతం చీటీలు లేవు. 2006లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ మీద 2016 మేలో, చనిపోయిన 238 మంది కుటుంబాలకు ఒక్కొక్కరికి 3 లక్షలు ఇవ్వమని గుజరాత్ ప్రభుత్వాన్ని కోర్టు ఆదేశించింది. పదేళ్ళు పట్టింది. రాజస్థాన్ ఇంకో దారి ఎంచుకుంది. 2019లో ఒక విధానం తెచ్చి, జబ్బు ఖాయమైన కార్మికుడికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు ప్రభుత్వమే ఇచ్చేలా చేసింది. యజమాని ఎవరో నిరూపించే పని కూలీ నెత్తిన పెట్టలేదు. నన్నడిగితే అదే సరైన పద్ధతి. రాతి పని ఇంతగా ఉన్న మన రెండు రాష్ట్రాల్లో కూలీ సంఘాలు ముందుగా అడగాల్సింది అదే.

మీ తమ్ముడి సంగతి చివర్న రాస్తున్నానంటే తక్కువ ముఖ్యమని కాదు. సిలికోసిస్‌కు మందు లేదు. పైగా దుమ్ములోంచి బయటికొచ్చాక కూడా ముదరగలదు. ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్ళే దుమ్ము కంటికి కనపడనంత సన్నగా ఉంటుంది, ముఖానికి కట్టుకునే తువ్వాలు దాన్ని ఆపదు. నీళ్ళు చల్లుతూ రాయి కొట్టడం, యంత్రానికి మూతలు బిగించడం లాంటివి యజమాని చేయాల్సినవి. కేసు వేశాక ఆ క్రషర్‌లో మీ తమ్ముడిని ఎలాగూ ఉండనివ్వరు, కాబట్టి వేరే పని ఇప్పుడే చూసుకోమనండి. మానేసే ముందు ఒక ఛాతీ ఎక్స్‌రే తీయించండి, వృత్తి వివరాలు రాయించి. అందులో ఏదైనా తేడా ఉంటే, ఇంకా పనికి వెళ్ళగలుగుతున్నా సరే, యజమానికి వెంటనే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పని మానకుండానే కొంత శక్తి పోయినవాళ్ళకు ఆ రెండేళ్ళ గడువు నోటీసు ఇచ్చిన రోజు నుంచి లెక్క. ఇప్పుడు మీ నాన్నకోసం వెతుకుతున్న చిట్టాలు, ఫోన్‌పే వివరాలు, ఫొటోలు తమ్ముడివి కూడా ఈ వారంలోనే తీసి పెట్టుకోండి. కేసు మొదలయ్యాక మేస్త్రీ చిట్టా మీ చేతికి రాదు.